అంతర్జాతీయ సంబంధాల బోధన

దేశాల మధ్య యుద్ధం ఎందుకు వస్తుంది, వచ్చిన యుద్ధం ఎలా ఆగుతుంది, ఒప్పందాన్ని ఎవరు ఎవరిచేత పాటింపజేస్తారు, సరిహద్దు దాటిన మనిషికీ సరుకుకూ ఎవరి చట్టం వర్తిస్తుంది అన్న ప్రశ్నలను విశ్వవిద్యాలయంలో ఒక క్రమంలో చదివించే విషయం అంతర్జాతీయ సంబంధాలు. విద్యార్థుల నోట ఇది 'ఐఆర్'. చరిత్ర, న్యాయశాస్త్రం, అర్థశాస్త్రం, భూగోళం, రాజనీతిశాస్త్రం తలా ఒక చెయ్యి వేస్తే తయారైన విషయం కనుక దీనికి సొంత ఇల్లు ఆలస్యంగా దొరికింది. మన దేశంలో చాలాచోట్ల ఇప్పటికీ రాజనీతిశాస్త్ర శాఖలో ఒక వాటా అద్దెకు తీసుకుని కాలక్షేపం చేస్తోంది. మిగతా శాస్త్రాలకు అంతగా లేని ఇబ్బంది దీనికి ఒకటి ఉంది. రసాయనశాస్త్రం పాఠం లండన్‌లో చెప్పినా తిరుపతిలో చెప్పినా ఒకటే. ప్రపంచ రాజకీయాల పాఠం అలా కాదు, చెప్పేవాళ్లు ఎక్కడ నిలబడి ప్రపంచాన్ని చూస్తున్నారన్నదాన్ని బట్టి పాఠమే మారిపోతుంది. భారతదేశంలో, అందులోనూ తెలుగు తరగతి గదుల్లో, ఈ బోధన నడిచిన తీరును ఈ వ్యాసం ప్రధానంగా పరిశీలిస్తుంది.

పుట్టుక

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, 1919లో, వేల్స్‌లోని అబరిస్ట్‌విత్ అనే చిన్న సముద్రతీర పట్టణంలో ఈ విషయానికి తొలి ఆచార్య పీఠం ఏర్పడింది. బొగ్గు గనులు, రైల్వేల ఆస్తికి వారసుడూ పార్లమెంటు సభ్యుడూ అయిన డేవిడ్ డేవిస్, ఆయన చెల్లెళ్లు గ్వెండొలిన్, మార్గరెట్ కలిసి, యుద్ధంలో చనిపోయిన విద్యార్థుల జ్ఞాపకంగా 20,000 పౌండ్లు ఇచ్చారు. పీఠానికి అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ పేరు పెట్టారు. తొలి ఆచార్యుడు ఆల్‌ఫ్రెడ్ జిమర్న్. నానాజాతి సమితి గురించి జనానికి తెలిస్తే, చదువుకున్నవాళ్లు యుద్ధాన్ని ఎదిరిస్తే, మళ్లీ అంతటి మారణహోమం రాదన్నది దాతల నమ్మకం. 1936లో అదే పీఠంలో కూర్చున్న ఇ.హెచ్. కార్ ఆ నమ్మకాన్నే ఎండగట్టాడు. బలం లెక్క తీసుకోని శాంతి కోరిక ఉత్త ఆశేనని వాదించే ఆయన పుస్తకం 'ది ట్వంటీ ఇయర్స్ క్రైసిస్' 1939లో, రెండో యుద్ధం మొదలయ్యే రోజుల్లోనే, వెలువడింది. ఆయన నియామకమే డేవిస్‌కు నచ్చలేదు. శాంతి కోసం ఇచ్చిన డబ్బుతో ఈ శాస్త్రంలో వాస్తవికవాదానికి పునాది పడటం దాతకు ఎలా అనిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

పాఠ్యపుస్తకాలు ఈ కథను ఇక్కడితో ముగిస్తాయి. కానీ అబరిస్ట్‌విత్ పీఠానికి తొమ్మిదేళ్ల ముందే, 1910 నుంచి, అమెరికాలోని క్లార్క్ విశ్వవిద్యాలయం నుంచి 'జర్నల్ ఆఫ్ రేస్ డెవలప్‌మెంట్' అనే పత్రిక వచ్చేది. తెల్లవాళ్లు పాలించే జాతులను ఎలా 'అభివృద్ధి' చెయ్యాలన్నది దాని ప్రధాన చర్చ. 1919లో ఆ పత్రిక పేరు 'జర్నల్ ఆఫ్ ఇంటర్నేషనల్ రిలేషన్స్'గా మారింది, 1922లో 'ఫారిన్ అఫైర్స్'లో కలిసిపోయింది. నేడు ప్రపంచమంతటా దౌత్యవేత్తలు తిరగేసే ఆ పత్రిక వంశవృక్షంలో వలసపాలన శాస్త్రం ఒక వేరు. ఈ సంగతి ఇటీవలి రెండు దశాబ్దాల్లోనే సిలబస్‌లలోకి వచ్చింది. వచ్చాక, శాంతి కోరికనుంచే ఈ శాస్త్రం పుట్టిందన్న మాట తరగతిలో అంత ధీమాగా చెప్పడం కష్టమైంది.

ఆ తరవాత ఎవరి అవసరానికి తగ్గట్టు వాళ్లు బడి కట్టుకున్నారు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో 1927లో శాఖ వచ్చింది, అదే ఏడు నానాజాతి సమితి పక్కనే జెనీవాలో ఉన్నత విద్యాసంస్థ ఒకటి వెలిసింది. 1944లో మాస్కోలో దౌత్యవేత్తలకు శిక్షణ ఇచ్చే సంస్థ మొదలైంది. 1960ల నడిమిలో చైనా చేసిన ఏర్పాటు మరీ ముచ్చటైనది. మూడు విశ్వవిద్యాలయాలకు ప్రపంచాన్ని మూడు ముక్కలు చేసి పంచారు. అంతర్జాతీయ కమ్యూనిస్టు ఉద్యమం రెన్మిన్‌కు, ఆసియా ఆఫ్రికా విముక్తి ఉద్యమాలు పెకింగ్‌కు, పాశ్చాత్య పెట్టుబడిదారీ ప్రపంచం షాంఘైలోని ఫుడాన్‌కు. ప్రభుత్వానికి ఏ కిటికీలోంచి చూడాలని ఉందో ఆ కిటికీ దగ్గరే కుర్చీ వేస్తారనడానికి ఇంతకన్నా తేటైన ఉదాహరణ దొరకదు.

సప్రూ హౌస్

భారతదేశంలో ఈ చదువు విశ్వవిద్యాలయంలో కాక ఒక సంఘంలో మొదలైంది. 1943లో తేజ్ బహదూర్ సప్రూ అధ్యక్షుడుగా ఇండియన్ కౌన్సిల్ ఆఫ్ వరల్డ్ అఫైర్స్ ఏర్పడింది. స్వాతంత్ర్యం ఇంకా రాలేదు, విదేశాంగ విధానం ఇంకా లండన్ చేతిలోనే ఉంది. అయినా, రేపు మన చేతికి వస్తే ఏం చేద్దామని ఆలోచించే వేదిక ముందే తయారైంది. 1945లో 'ఇండియా క్వార్టర్లీ' పత్రిక మొదలైంది. 1947 మార్చిలో ఢిల్లీ పురానా ఖిల్లాలో ఆసియా సంబంధాల సదస్సును నిర్వహించిందీ ఈ కౌన్సిలే.

1955లో కౌన్సిల్ కొత్త భవనం సప్రూ హౌస్‌లో ఇండియన్ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ ప్రారంభమైంది. హృదయనాథ్ కుంజ్రూ దాని వెనక పెద్ద దిక్కు, ఎ. అప్పాదొరై తొలి డైరెక్టరు. కొత్తగా పుట్టిన దేశానికి ప్రపంచంలోని ప్రతి మూల గురించీ తెలిసిన మనుషులు కావాలి, బ్రిటిషువాళ్లు రాసిన పుస్తకాల మీద ఆధారపడకుండా స్వయంగా భాష నేర్చుకుని ఆ దేశం వెళ్లి చూసి రాసేవాళ్లు కావాలి అన్నది ఉద్దేశం. అందుకే ఇక్కడ ప్రధానంగా పిహెచ్.డి. పరిశోధన నడిచింది. 1959లో 'ఇంటర్నేషనల్ స్టడీస్' పత్రిక వచ్చింది. 1961లో డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా దక్కింది. 1970లో ఈ స్కూలు కొత్తగా ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో విలీనమై స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్‌గా మారింది. దేశంలో ఐఆర్ చెప్పే అధ్యాపకుల్లో చాలామంది గురుపరంపర ఇక్కడికే చేరుతుంది.

కలకత్తాలో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం మరో దారి పట్టింది. 1956లో అక్కడ ఏర్పడిన అంతర్జాతీయ సంబంధాల శాఖ, మామూలు విశ్వవిద్యాలయంలో ఈ విషయానికే ప్రత్యేకించిన తొలి శాఖగా గుర్తింపు పొందింది. ఢిల్లీ స్కూలు దేశాల నిపుణులను తయారుచేస్తే, జాదవ్‌పూర్ ఎం.ఎ. స్థాయి నుంచే విషయాన్ని విషయంగా చెప్పింది. విదేశాంగ విధానం ఎలా తయారవుతుందన్నదాని మీద అక్కడి జయంతానుజ బంద్యోపాధ్యాయ రాసిన పుస్తకం ఏళ్ల తరబడి దేశమంతా పాఠ్యగ్రంథంగా చలామణీ అయింది.

ప్రాంతీయ అధ్యయనాలు

ప్రపంచాన్ని ప్రాంతాలుగా పంచి ఒక్కో విశ్వవిద్యాలయానికి ఒక్కోటి అప్పగించే పద్ధతిని 1960ల నుంచి విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం ప్రోత్సహించింది. ఢిల్లీ, బొంబాయిలకు ఆఫ్రికా వచ్చింది, మద్రాసుకు దక్షిణ, ఆగ్నేయాసియాలు వచ్చాయి. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి ఆగ్నేయాసియా, పసిఫిక్ అధ్యయన కేంద్రం దక్కింది. శేషాచలం కొండల కింద కూర్చుని వియత్నాం, కంబోడియాల మీద పరిశోధన సాగడం పైకి వింతగా కనిపించినా, తెలుగు తీరానికి ఆగ్నేయాసియాతో ఉన్న పాత ఓడల సంబంధం గుర్తుంచుకుంటే వింత కాదు. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో హిందూ మహాసముద్ర అధ్యయన కేంద్రం ఏర్పడింది. అదే ఆవరణలో 1964లో మొదలైన అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటర్ గ్రంథాలయం, అమెరికా బయట ఆ విషయానికి ఉన్న పెద్ద గ్రంథాలయాల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. దేశం నలుమూలల నుంచీ పరిశోధకులు అక్కడ నెలల తరబడి మకాం వేసి చదువుకునేవారు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో 1996లో ప్రవాస భారతీయుల అధ్యయన కేంద్రం వచ్చింది. ఏ ఊళ్లో రావాలో ఆ ఊళ్లోనే వచ్చిందనుకోవాలి.

ఈ పద్ధతి బలమూ బలహీనతా ఒక్కచోటే ఉన్నాయి. ఒక దేశాన్ని భాషతో సహా లోతుగా తెలుసుకున్నవాళ్లు తయారవుతారు. కానీ భాష నేర్పే ఏర్పాటు, ఆ దేశానికి పంపే డబ్బు కరువైన చోట 'నిపుణుడు' ఇంగ్లీషు పత్రికల కత్తిరింపులతో సరిపెట్టుకుంటాడు. తానున్న ప్రాంతమే మాయమైతే మరో చిక్కు. 1991లో సోవియట్ యూనియన్ కుప్పకూలాక జేఎన్‌యూలోని సోవియట్ అధ్యయన కేంద్రం పేరు మార్చుకోవలసివచ్చింది. అధ్యాపక అర్హత పరీక్ష నెట్‌లో ఈ విషయం పూర్తి పేరు చాంతాడంత ఉంటుంది. సోవియట్ యూనియన్ పోయి ఏళ్లు గడిచినా ఆ పేరులో 'సోవియట్ అధ్యయనాలు' అన్న మాట అలాగే నిలిచి ఉండేది.

ఇటీవలి సంస్థల్లో రెంటిని ప్రస్తావించాలి. హర్యానాలోని ప్రైవేటు విశ్వవిద్యాలయం జిందాల్‌లో 2011 నుంచి అంతర్జాతీయ వ్యవహారాలకు ప్రత్యేక స్కూలు ఉంది. అక్కడి ఫీజులు మధ్యతరగతికి అందవు. 2010లో సార్క్ దేశాలు కలిసి ఢిల్లీలో స్థాపించిన సౌత్ ఏషియన్ యూనివర్సిటీలో ఎనిమిది దేశాల విద్యార్థులు ఒకే బల్ల చుట్టూ కూర్చునే ఏర్పాటు ఉంది. దేశాల మధ్య మాటలు ఆగినప్పుడల్లా వీసాల దగ్గర ఆ ఏర్పాటు బిగుసుకుపోతుంది.

సిద్ధాంతాల పేపరు

ఎం.ఎ. మొదటి సెమిస్టర్‌లో విద్యార్థిని భయపెట్టే పేపరు సిద్ధాంతాలది. వరస దాదాపు అంతటా ఒక్కటే. హాన్స్ మోర్గెంథౌ 1948లో, కెనెత్ వాల్ట్జ్ 1979లో రాసిన పుస్తకాలతో వాస్తవికవాదం, తరవాత ఉదారవాదం, మార్క్సిస్టు ధోరణులు, ఆపైన అలెగ్జాండర్ వెంట్ పేరుతో ముడిపడ్డ నిర్మితివాదం, చివర్న టైము మిగిలితే స్త్రీవాదం, వలసానంతరవాదం. టైము సాధారణంగా మిగలదు. వెంట్ చెప్పిన ఒక పోలిక మాత్రం తరగతిలో ఎప్పుడూ పండుతుంది. బ్రిటన్ దగ్గరున్న 500 అణ్వాయుధాల కన్నా ఉత్తర కొరియా దగ్గరున్న అయిదే అమెరికాను ఎక్కువ భయపెడతాయన్నాడు ఆయన. ఆయుధం లెక్క ఒక్కటే చాలదు, అది ఎవరి చేతిలో ఉందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. పొలం గట్టు తగాదాలు చూసిన విద్యార్థికి దీన్ని రెండోసారి చెప్పనక్కర్లేదు.

1977లోనే స్టాన్లీ హాఫ్‌మన్ అంతర్జాతీయ సంబంధాలను ఒక అమెరికన్ సాంఘికశాస్త్రంగా వర్ణించాడు. సిలబస్‌లలో పేర్లు చూస్తే ఆ మాట ఇప్పటికీ పాతబడలేదు. 2005లో కాంతి బాజ్‌పాయ్, సిద్ధార్థ్ మల్లవరపు సంపాదకత్వంలో వచ్చిన రెండు సంపుటాలు, భారతీయ ఐఆర్‌లో సిద్ధాంత చింతన ఎందుకు చిక్కబడలేదని నిలదీశాయి. 2007లో అమితావ్ ఆచార్య, బ్యారీ బుజాన్ పాశ్చాత్యేతర సిద్ధాంతం ఎందుకు లేదన్న ప్రశ్నను ప్రపంచం ముందు పెట్టారు. దానికి మన వైపు నుంచి ఠక్కున వచ్చే జవాబు కౌటిల్యుడు. మైసూరు గ్రంథాలయంలో ఆర్. శామశాస్త్రి 1905లో గుర్తించి 1909లో అచ్చువేసిన అర్థశాస్త్రంలో విజిగీషువు, అరి, మిత్రుడు, మధ్యముడు, ఉదాసీనుడు అంటూ రాజమండల విచారం ఉంది, సంధి విగ్రహాది ఆరు గుణాలున్నాయి. అయితే కౌటిల్యుడి నోట మోర్గెంథౌ మాటలే పలికించి ఇదీ మన సిద్ధాంతమంటే అరువు తీరదు. పక్కింటివాడు శత్రువు, వాడి పక్కింటివాడు మిత్రుడు అన్న ఒక్క సూత్రం దగ్గరే చాలా క్లాసులు ఆగిపోతాయి. కోశం, దుర్గం, ప్రజల అసంతృప్తి గురించి ఆ గ్రంథం చెప్పినదాని దాకా వెళ్లవు. తెలుగు వరకు చూస్తే, కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలో రాజనీతి చెప్పాడు, మడికి సింగన సకలనీతిసమ్మతంలో పూర్వుల నీతిపద్యాలు ఏర్చికూర్చాడు. ఓడరేవులను, విదేశీ వర్తకులను ఎలా చూసుకోవాలో సామ్రాజ్యాన్ని ఏలుతూ ఆలోచించిన రాజు మాటలు తెలుగు శాఖలో ప్రబంధంగా పరీక్షకు వస్తాయి, మెట్లు దిగి రాజనీతిశాస్త్ర శాఖలోకి మాత్రం రావు.

తెలుగులో చెప్పేటప్పుడు

ఉమ్మడి రాష్ట్రంలో 1968లో తెలుగు అకాడమి ఏర్పడి కాలేజీ స్థాయి పాఠ్యపుస్తకాలను తెలుగులోకి తెచ్చింది. దానికి తొలినాళ్లలో అధ్యక్షుడు పి.వి. నరసింహారావు. తరవాతి కాలంలో ఆయన రెండుసార్లు విదేశాంగ మంత్రిగా పనిచేశాడు, ప్రధానిగా తూర్పు ఆసియా దేశాలవైపు విధానాన్ని మళ్లించాడు. తెలుగు మాధ్యమంలో అంతర్జాతీయ సంబంధాలు చదివే విద్యార్థికి పుస్తకం అందించే సంస్థకూ, ఆ పుస్తకంలోని ఒక అధ్యాయానికీ కర్త ఒకడే కావడం అరుదైన సంగతి. 1982లో హైదరాబాదులో మొదలైన సార్వత్రిక విశ్వవిద్యాలయం, నేటి బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్లకు తెలుగులో పాఠాలు అందించింది.

పదాల దగ్గర అసలు కష్టం మొదలవుతుంది. 'అంతర్జాతీయ' అన్న మాటనే తీసుకోండి. ఇంగ్లీషులో దీనికి మూలమైన మాటను 1780లలో జెరెమీ బెంథామ్ కల్పించాడు. తెలుగులో జాతి అంటే తెలుగు జాతి, భారత జాతి, ఆవుల్లో ఒంగోలు జాతి కూడా. 'స్టేట్' దగ్గర మరీ చిక్కు. రాజనీతిశాస్త్రంలో అది రాజ్యం, కానీ రాజ్యమంటే చెవికి రాజు వినిపిస్తాడు. రాష్ట్రమంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. దేశమంటే నేల, జనం, ప్రభుత్వం అన్నీ కలిసిపోతాయి. అందుకే పరీక్ష పేపర్లలో రాజ్యం, దేశం, జాతి ఒకే పేరాలో ఒకదాని బదులు ఒకటి దొర్లుతుంటాయి. విద్యార్థి తప్పు రాశాడా, భాష ఇచ్చిన వెసులుబాటు వాడుకున్నాడా అన్నది దిద్దేవాళ్లకు తేలదు.

'పవర్' అన్న ఒక్క మాటకు అధికారం, బలం, శక్తి అని మూడున్నాయి. అధికారం కుర్చీతో వస్తుంది, బలం కండలో ఉంటుంది, శక్తి కనిపించకపోయినా పనిచేస్తుంది. మూడూ వేరని తెలుగు మనిషికి పుట్టుకతోనే తెలుసు. జోసెఫ్ నై 1990లో ప్రచారంలోకి తెచ్చిన 'సాఫ్ట్ పవర్'ను మృదుశక్తి అన్నాక ఇంగ్లీషులో చాంతాడంత వివరణ అవసరమైన తేడా ఇక్కడ సగం దానంతటదే తెలుస్తుంది. దీనికి ఎదురు ఉదాహరణ 'అనార్కీ'. ఐఆర్‌లో దానర్థం దేశాల మీద ఇంకో పైప్రభుత్వం లేకపోవడం, అంతే. తెలుగులో అరాచకం అంటారు. మాట పుట్టుక చూస్తే ఇంత సరిగ్గా అమరే అనువాదం ఉండదు, రాజు లేని స్థితి అనే దాని అర్థం. కానీ దినపత్రికల పుణ్యమా అని అరాచకమంటే ఇప్పుడు దౌర్జన్యం, గూండాయిజం. 'అంతర్జాతీయ వ్యవస్థ అరాచకమైనది' అని బోర్డు మీద రాస్తే తరగతి సగం దాన్ని తిట్టుగా చదువుకుంటుంది. అలీన విధానం సంగతీ ఇంతే. దేనిలోనూ లీనం కాకపోవడం అని మాట చెబుతుంటే, జవాబుపత్రాలు 'తటస్థం' అంటాయి. తటస్థుడు గట్టుమీద నిలబడేవాడు. నెహ్రూ పదేపదే కాదన్నది సరిగ్గా ఆ అర్థాన్నే.

కృష్ణ, సింధు

పైప్రభుత్వం లేకపోవడమంటే ఏమిటో చెప్పడానికి తెలుగు అధ్యాపకులకు పుస్తకం అవసరం లేని ఉదాహరణ ఒకటుంది. కృష్ణా జలాల మీద 1969లో వేసిన బచావత్ ట్రిబ్యునల్ మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, అప్పటి ఆంధ్రప్రదేశ్‌కు 800 టీఎంసీలు తేల్చింది. మళ్లీ వాడుకలోకి తిరిగొచ్చే నీటితో కలిపి మన వాటా 811గా లెక్కకొచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయాక ఆ 811ని తాత్కాలికంగా ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299గా పంచారు. ఆ పంపకం మీద తగాదా నేటికీ ఉంది. 2023 నవంబరు చివర్లో నాగార్జునసాగర్ డ్యామ్ మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. తరవాత ఏం జరిగింది? కేంద్రం కలగజేసుకుంది, డ్యామ్ మీదికి సీఆర్‌పీఎఫ్ వచ్చింది. తగాదా తీరలేదు, కాని తీర్చమని అడగడానికి ట్రిబ్యునల్, బోర్డు, సుప్రీంకోర్టు, పైన కేంద్రం ఉన్నాయి.

ఇప్పుడు సింధు నది. తొమ్మిదేళ్ల బేరసారాల తరవాత, ప్రపంచ బ్యాంకు మధ్యవర్తిత్వంతో 1960 సెప్టెంబరు 19న కరాచీలో భారత్ తరఫున నెహ్రూ, పాకిస్తాన్ తరఫున అయూబ్ ఖాన్ ఒప్పందం మీద సంతకాలు చేశారు. రావి, బియాస్, సట్లెజ్ భారతదేశానికి, సింధు, జీలం, చీనాబ్ చాలా భాగం పాకిస్తాన్‌కు. వివాదం వస్తే తటస్థ నిపుణుడు, మధ్యవర్తిత్వ న్యాయస్థానం అన్న ఏర్పాట్లూ ఉన్నాయి. మధ్యలో వచ్చిన యుద్ధాలన్నిటినీ ఆ ఒప్పందం తట్టుకుంది. పహల్గామ్ దాడి తరవాత, 2025 ఏప్రిల్ 23న, దాన్ని నిలుపుదలలో ఉంచుతున్నట్టు భారత్ ప్రకటించింది. ఇక్కడ సీఆర్‌పీఎఫ్‌ను పంపేవాళ్లు ఎవరూ లేరు. రెండు నదులనూ పక్కపక్కన బోర్డు మీద గీస్తే వాల్ట్జ్ పుస్తకంలోని నడిమి అధ్యాయం గంటలో అర్థమైపోతుంది. అప్పుడే అసలు ప్రశ్న కూడా లేస్తుంది. పైన ఎవరూ లేకుండానే ఆ ఒప్పందం అరవై నాలుగేళ్లకు పైగా ఎలా నిలిచింది? ఉదారవాదులకు, నిర్మితివాదులకు తరగతిలో చోటు దొరికేది ఈ ప్రశ్నతోనే.

బయటి దేశాల్లో ఎక్కువగా వాడే ఉదాహరణ 1962 అక్టోబరు నాటి క్యూబా క్షిపణి సంక్షోభం. గ్రాహమ్ ఆలిసన్ 1971 నాటి పుస్తకం అదే సంఘటనను మూడు రకాలుగా వివరించి, చూసే అద్దం మారితే కారణమే మారుతుందని నిరూపించింది. ఆ సంక్షోభం సాగిన 13 రోజుల్లోనే, అక్టోబరు 20న, చైనా మన సరిహద్దు మీద దాడికి దిగింది. మన సిలబస్‌లలో ఈ రెండూ వేర్వేరు యూనిట్లు. రెంటినీ కలిపి చెబితే, అప్పుడు అగ్రరాజ్యాల చూపు ఎక్కడ ఇరుక్కుందో, నెహ్రూ ఎంత ఒంటరిగా మిగిలాడో విద్యార్థి కళ్లకు కడుతుంది.

నమూనా ఐక్యరాజ్య సమితి, ఉత్తుత్తి చర్చలు ఇప్పుడు ఇంజనీరింగ్ కాలేజీల దాకా పాకాయి. వాటిలో సూట్లు, ఇంగ్లీషు ఉచ్చారణ మీద ఉన్న శ్రద్ధ విషయం మీద ఉండదన్న ఫిర్యాదులో నిజముంది. అయినా తన దేశం కాని దేశం తరఫున, నచ్చకపోయినా, నిజాయితీగా వాదించవలసి రావడం లెక్చరు ఇవ్వలేని చదువు. రాయబారం అన్న మాట తెలుగువాళ్లకు పద్యనాటకం నుంచి వచ్చింది. తిరుపతి వేంకట కవుల నాటకాల్లో శ్రీకృష్ణుడు సంధి అడగడానికి వెళ్తూనే యుద్ధానికి తగిన కారణాన్ని లోకం ముందు సిద్ధం చేసుకోవడం తిరునాళ్లలో రాత్రంతా కూర్చుని చూసిన జనానికి తెలుసు. అయిదూళ్లయినా ఇమ్మనడం రాజీయా, ఎదుటివాణ్ణి ఇరికించడమా అన్న ప్రశ్న ఏ చర్చల పాఠానికైనా మంచి మొదలు.

కాగితాలు లేని చరిత్ర

మన విదేశాంగ విధానం పాఠం చెప్పేవాళ్లకు కొరత దస్తావేజులు. 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం, దాని నియమాల ప్రకారం పాతికేళ్లు దాటిన శాశ్వత దస్త్రాలు జాతీయ ఆర్కైవ్స్‌కు చేరాలి. చేరేవి చేరుతున్నాయి, చేరనివి చాలా ఉన్నాయి. 1962 ఓటమి మీద సైన్యం జరిపిన విచారణ, హెండర్సన్ బ్రూక్స్ నివేదిక, 1963లో పూర్తయింది. ప్రభుత్వం దాన్ని అధికారికంగా బయటపెట్టలేదు, 2014లో ఒక విదేశీ పాత్రికేయుడు కొంత భాగం ఇంటర్నెట్‌లో పెట్టాడు. 1971 యుద్ధం మీద అమెరికా ప్రభుత్వం తన కాగితాలను ఒక పెద్ద సంపుటంగా ప్రచురించింది. ఫలితంగా ఇందిరాగాంధీ నిర్ణయాల గురించి ఎం.ఎ. విద్యార్థి చదివేది చాలావరకు నిక్సన్, కిసింజర్ మాటల్లో. మన ఇంటి తగాదా గురించి ఎదురింటివాళ్ల డైరీ చదివి తెలుసుకున్నట్టుంటుంది. ఆ ఖాళీని రిటైరైన రాయబారుల జ్ఞాపకాలు నింపుతాయి. అవి హాయిగా చదివిస్తాయి, కాని రాయబారి తన పొరపాటు ఒప్పుకున్న పేజీలు తక్కువ.

పరీక్ష

డిగ్రీ కాలేజీల్లో చివరి ఏడాది వచ్చే ఒక్క పేపరుతో చాలామందికి ఈ విషయం మొదలై ముగుస్తుంది. లక్షణాలు రాయుము, కారణాలు వివరింపుము అన్న ప్రశ్నలకు గైడులోని పాయింట్లు చాలు. అయినా ఈ విషయానికి గత దశాబ్దంలో గిరాకీ పెరిగింది. కారణం విశ్వవిద్యాలయం కాదు, యూపీఎస్సీ. సివిల్స్ మెయిన్స్‌లో 2013 నుంచి రెండో జనరల్ స్టడీస్ పేపరులో అంతర్జాతీయ సంబంధాలు తప్పనిసరి భాగం. ఐచ్ఛిక విషయంగా రాజనీతిశాస్త్రంతో కలిపి తీసుకునేవాళ్లు 'పీఎస్ఐఆర్' అంటారు. హైదరాబాదు అశోక్‌నగర్ వీధుల్లో జిరాక్స్ షాపుల ముందు వేలాడే నోట్సు కట్టల్లో ఈ పేరు కనిపించని షాపు ఉండదు.

కోచింగ్ సెంటరు పాఠం, విశ్వవిద్యాలయ పాఠం ఒకటి కాదు. మొదటిది పొద్దున పేపరుతో మొదలై సాయంత్రానికి 'ముందున్న మార్గం' అన్న శీర్షికతో ముగుస్తుంది. భారత్ ఏం చెయ్యాలో ప్రతి జవాబు చివరా చెప్పాలి. ఈ అలవాటు మెల్లగా ఎం.ఎ. సెమినార్లలోకీ పాకింది. ఇరవై రెండేళ్ల కుర్రాడు విదేశాంగ కార్యదర్శి గొంతుతో మాట్లాడతాడు, ఎందుకు జరిగిందని అడిగితే ఏం చెయ్యాలో చెబుతాడు. నిజంగా ఆ ఉద్యోగం వచ్చినవాళ్లకు నేర్పడానికి ఢిల్లీలో వేరే సంస్థ ఉంది, 1986లో ఏర్పడి ప్రస్తుతం సుష్మా స్వరాజ్ పేరుతో నడుస్తోంది. విశ్వవిద్యాలయం పని అది కాదు.

కువైట్ దారి

సిలబస్‌లో చివరికి జరిగిపోయిన స్త్రీవాద అధ్యాయం తెలుగు నేల మీదే ఎక్కువ అవసరం. సింథియా ఎన్లో 1989 నాటి పుస్తకం, ప్రపంచ రాజకీయాల్లో ఆడవాళ్లు ఎక్కడున్నారని అడిగి, సైనిక స్థావరాల చుట్టూ, అరటితోటల్లో, పరాయి దేశపు వంటిళ్లలో వాళ్లను చూపించింది. దౌత్య కార్యాలయం లోపలి కథకు మన దగ్గరే ఉదాహరణ ఉంది. విదేశాంగ సర్వీసులో తొలితరం మహిళ సి.బి. ముత్తమ్మ, పెళ్లి చేసుకోవాలంటే స్త్రీలు మాత్రం ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న నిబంధన మీద, పదోన్నతిలో జరిగిన వివక్ష మీద సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1979లో కోర్టు ఆ నిబంధనలను తప్పుపట్టింది.

బయటి కథ కడప, గోదావరి జిల్లాల్లో ఉంది. అక్కడి నుంచి వేలమంది ఆడవాళ్లు కువైట్ ఇళ్లలో పనికి వెళ్తారు, కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి మగవాళ్లు దుబాయ్, సౌదీ వెళ్తారు. 1983 నాటి వలసల చట్టం ప్రకారం పదో తరగతి పాసవని వాళ్లు గల్ఫ్ సహా కొన్ని నిర్ణీత దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి ఉండాలి. ఇంటిపనికి వెళ్లే స్త్రీకి ముప్పై ఏళ్లు నిండాలన్న నిబంధన కూడా ఉంది. అక్కడ దిగాక కఫాలా పద్ధతిలో ఆమె నివాస హక్కు యజమాని చేతిలో ఉంటుంది. రెండు రాజ్యాల సార్వభౌమత్వం ఒక మనిషి పాస్‌పోర్టు మీద కలుసుకునే చోటు ఇది. కాపాడటానికి పెట్టిన వయసు నిబంధన దొంగదారి ఏజెంట్లకు గిరాకీ పెంచుతుందా, మన రాయబార కార్యాలయానికి అక్కడి యజమాని మీద ఉన్న పట్టెంత, ఇంటికి పంపే డబ్బు ముందు రెండు ప్రభుత్వాలూ ఎంతవరకు నోరు మెదుపుతాయి అన్నవి ఎం.ఎ. చివరి సెమిస్టర్ ప్రాజెక్టుకు తగిన ప్రశ్నలు. వాటి జవాబుల కోసం విద్యార్థి వాషింగ్టన్ కాగితాలు తిరగెయ్యనక్కర్లేదు. రాయచోటి బస్టాండులో దిగి, సెలవు మీద వచ్చిన పిన్నమ్మనో మేనత్తనో కూర్చోబెట్టి అడిగి, ఆమె చెప్పింది చెప్పినట్టు తెలుగులోనే రాసుకోవచ్చు.